డిఫరెన్షియల్‌లో పోసే చిన్న సీసా: ఏ బండికి మందు, ఏ బండికి ముప్పు

సంక్షిప్తంగా: ఫ్రిక్షన్ మాడిఫయర్ అనేది ప్లేట్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ, అంటే ఒక చక్రం ఊరికే జారకుండా అదుపు చేసే డిఫరెన్షియల్) కోసం తయారైన రసాయనం. మామూలు డిఫరెన్షియల్‌కు, పళ్లకు పళ్లు తగిలించే డాగ్ లాక్‌కు, గేర్ల మీద నడిచే ఎల్‌ఎస్‌డీకి దానితో పని లేదు. అవసరమైన బండిలో కూడా మోతాదు మించితే ప్లేట్ల పట్టు పోతుంది. ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్ హౌసింగ్‌లో పోస్తే బ్రేకులే జారే ప్రమాదం ఉంది.

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కొని నడిపేవారికి తరచూ ఎదురయ్యే సమస్య ఒకటుంది. ఇరుకు మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలితే వెనక నుంచి గర్‌గర్‌మని మూలుగు, ఆ తర్వాత కటకటమని అదురు వస్తాయి. తిన్నగా పోతే ఏమీ వినిపించదు. మెకానిక్ దగ్గరికి వెళితే ఒకరు 90 నంబర్ గేర్ ఆయిల్ మార్చమంటారు, ఇంకొకరు క్రౌన్ పినియన్ (యాక్సిల్‌లోని ప్రధాన గేర్ల జత) పోయిందంటారు, మూడో వ్యక్తి చిన్న సీసా తెచ్చి పోస్తే సరిపోతుందంటారు. ముగ్గురి మాటా ఏదో ఒక బండి విషయంలో నిజమే. ఏ బండికి ఏది నిజమో తేల్చుకోవాలంటే లోపల ఏముందో తెలియాలి.

రెండు చక్రాలు, రెండు దూరాలు

బండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడుస్తాయి. ఒకే ఇంజను రెండింటినీ వేర్వేరు వేగాలతో తిప్పడానికే డిఫరెన్షియల్ పెట్టారు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా బలం ఇస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ఒక చక్రం బురదలో పడి పట్టు కోల్పోతే దానికి ఎంత తక్కువ బలం అందుతుందో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. దిగబడ్డ చక్రం గిరగిరా తిరుగుతుంటే గట్టు మీది చక్రం కదలకుండా నిలబడేది అందుకే.

ఎల్‌ఎస్‌డీలో ఈ తేడాను అదుపు చేయడానికి సైడ్ గేర్ల (ఒక్కో చక్రాన్ని తిప్పే గేర్ల) వెనక పలుచని ప్లేట్ల దొంతర ఉంటుంది. ఒక ప్లేటు గేరుకు, దాని పక్కది డిఫరెన్షియల్ కేసుకు (బయటి డొల్లకు) తగులుకొని ఉంటాయి. అలా ఒకటి విడిచి ఒకటి పేర్చి స్ప్రింగులతో నొక్కుతారు. తిన్నగా పోయేటప్పుడు అన్నీ కలిసి తిరుగుతాయి. మలుపులోనూ, ఒక చక్రం జారినప్పుడూ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారుతాయి. ఆ రాపిడే జారే చక్రాన్ని ఆపి రెండో చక్రానికి బలం పంపుతుంది. 1930ల్లో జర్మనీ రేసు కార్ల కోసం ఎదిగిన ఈ ఏర్పాటు అమెరికాలో 1956లో ప్యాకార్డ్, 1957లో షెవర్లే కార్లతో మామూలు రోడ్ల మీదికి వచ్చింది. మన దగ్గర టాటా జెనాన్, సఫారీ స్టార్మ్ లాంటి బండ్లలో కొన్ని వేరియంట్లకు వెనక యాక్సిల్‌లో ఎల్‌ఎస్‌డీ వచ్చింది.

చప్పుడు పుట్టేది ఇలా

ఏనుమాముల మార్కెట్లో వడ్ల బస్తాను గచ్చు మీద లాగేవారిని గమనిస్తే సంగతి అర్థమవుతుంది. కదిలించడానికి బలం ఎక్కువ కావాలి. కదిలాక అంత బలం అక్కర్లేదు. అదే బస్తాను సాగే రబ్బరు తాడుతో మెల్లగా లాగితే నున్నగా జారదు. తాడు సాగుతుంది, బస్తా ఒక్కసారి ముందుకు దుముకుతుంది, తాడు వదులవుతుంది, బస్తా ఆగుతుంది. మళ్లీ మొదలు.

డిఫరెన్షియల్‌లో బస్తా స్థానంలో ప్లేట్లు, తాడు స్థానంలో యాక్సిల్ షాఫ్టు ఉంటాయి. ఉక్కు షాఫ్టు కూడా బలానికి కొద్దిగా మెలితిరుగుతుంది. మలుపులో ప్లేట్లు అతుక్కుంటాయి, షాఫ్టు మెలితిరుగుతుంది, బలం హద్దు దాటగానే ప్లేట్లు విడిపడి జారతాయి, షాఫ్టు విప్పుకుంటుంది, ప్లేట్లు మళ్లీ అతుక్కుంటాయి. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరిగితే సీటు కింద అదురుగా తెలుస్తుంది. నిలకడగా ఉన్నప్పటి రాపిడి, జారేటప్పటి రాపిడి కంటే ఎక్కువగా ఉన్నంతకాలం ఈ చప్పుడు పోదు.

ఫ్రిక్షన్ మాడిఫయర్ చేసే పని రాపిడిని గుడ్డిగా తగ్గించడం కాదు, ఈ వరసను తిరగేయడం. దాని అణువుకు ఒక తల, పొడవాటి తోక ఉంటాయి. తల లోహాన్ని పట్టుకుంటుంది. సాధారణంగా 18 కార్బన్ పరమాణువుల పొడవుండే తోక నూనె వైపు నిలుస్తుంది. ఇలాంటి అణువులు ప్లేటంతటా వరి నారులా ఒత్తుగా నిలబడి, మిల్లీమీటరులో అయిదు లక్షల వంతు మందం పొర కడతాయి. ప్లేట్లు ఆగబోయే క్షణంలో లోహానికి లోహం అతుక్కోకుండా ఈ పొర అడ్డుపడుతుంది. దాంతో అతి తక్కువ వేగంలో రాపిడి తగ్గి, వేగం పెరిగే కొద్దీ కాస్త పెరుగుతుంది. అప్పుడు ప్లేట్లు దుమకకుండా నున్నగా జారతాయి.

ఇలాంటి అణువులను ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనె నుంచి తీసేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చాక పరిశ్రమ ప్రత్యామ్నాయాలు వెతుక్కోక తప్పలేదు. ఇప్పుడు కొవ్వు ఆమ్లాలు, వాటి అమైడ్లు, ఎస్టర్లు, కొన్ని ఫాస్ఫరస్ సమ్మేళనాలు ఆ పని చేస్తున్నాయి.

మోతాదు మించితే

గేర్ ఆయిల్‌లో అప్పటికే మరో రసాయనం ఉంటుంది. జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిల్‌లో కలిపే గంధకం, ఫాస్ఫరస్ సమ్మేళనాలు క్రౌన్ పినియన్ పళ్ల మీద పొర కట్టి, భారీ ఒత్తిడిలో పళ్లు ఒకదానికొకటి అతుక్కుని చిట్లిపోకుండా కాపాడతాయి. కొత్త గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటు వాసన ఆ గంధకానిదే. లోహం మీద చోటు కోసం ఈ రెండు రసాయనాలూ పోటీ పడతాయి. ఫ్రిక్షన్ మాడిఫయర్ మరీ ఎక్కువైతే రక్షణ పొరకు చోటు తగ్గి పళ్లు అరుగుతాయి. ఇంకోవైపు ప్లేట్ల పట్టు బాగా పడిపోయి ఎల్‌ఎస్‌డీ మామూలు డిఫరెన్షియల్‌లా మారిపోతుంది. చప్పుడు పోయిందన్న సంతోషం మొదటి బురద గుంటలో ఒక చక్రం ఊరికే తిరిగేదాకానే.

అమెరికన్ యాక్సిళ్లకు అమ్మే సీసా సాధారణంగా 118 మి.లీ. ఉంటుంది. మొత్తం రెండున్నర లీటర్లు పట్టే హౌసింగ్‌లో అది దాదాపు 4.7 శాతం. చాలా యాక్సిళ్లకు 4, 5 శాతం దగ్గరే మోతాదు ఆగుతుంది. కచ్చితమైన లెక్క మాత్రం ఆ బండి మాన్యువల్లోనే చూడాలి. డబ్బా మీద ఎల్‌ఎస్ అని ఉంటే అందులో మాడిఫయర్ ముందే కలిపి ఉందని అర్థం. దాని మీద మళ్లీ సీసా పోయడం అంటే ఒకే మందు రెండుసార్లు మింగినట్టు.

బైకులు నడిపేవారికి ఇది కొత్త విషయం కాదు. కారు ఇంజన్ ఆయిల్ బైకులో పోస్తే క్లచ్ జారుతుందని ఊళ్లో ప్రతి మెకానిక్కూ తెలుసు. బైకు క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, రాపిడి తగ్గించే రసాయనం వాటికి సరిపడదు. గేర్ల బైకులకు జాసో (జపాన్ ప్రమాణాల సంస్థ) ఎంఏ, స్కూటర్లకు ఎంబీ అని వేరు వేరు గుర్తులు ఉండటానికి కారణం అదే.

అన్ని డిఫరెన్షియళ్లూ ఒకటి కావు

గందరగోళంలో సగం పేర్ల వల్లే వస్తోంది. లాక్ అన్నా, ఎల్‌ఎస్‌డీ అన్నా, ఫోర్ బై ఫోర్ అన్నా చాలామందికి ఒకటే. ట్రాక్టర్లో మడమ దగ్గరి పెడల్‌తో వేసే డిఫరెన్షియల్ లాక్, టిప్పర్లలో స్విచ్చుతో పడే లాక్, ఫోర్స్ గూర్ఖా ముందు వెనక యాక్సిళ్ల లాకులు పళ్లకు పళ్లు తగిలించి రెండు చక్రాలనూ ఒక్కటి చేస్తాయి. జారే ప్లేట్లే లేనిచోట మాడిఫయర్‌కు పనేముంది? టోర్సెన్ లాంటి గేర్ల ఎల్‌ఎస్‌డీ పళ్ల మధ్య రాపిడితోనే పనిచేస్తుంది, అక్కడా అంతే. బొలెరో పికప్ లాంటి బండ్లలోని మామూలు డిఫరెన్షియల్ సంగతి చెప్పనక్కర్లేదు.

మధ్యలో నిలిచేది మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. 2020 తర్వాతి మహీంద్రా థార్‌లో, స్కార్పియో-ఎన్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ వేరియంట్లలో కొన్నింటికి వెనక ఇదే వచ్చింది. లోపల ప్లేట్లు ఉన్నా, రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే తప్ప లాక్ పడదు. బండి వేగం గంటకు 30 కి.మీ. మించితే అసలే పడదు. పడినప్పుడు ‘ఠక్’మని శబ్దం రావడం దాని స్వభావం, జబ్బు కాదు. ఈ తరహా లాకర్లకు మాడిఫయర్ అవసరం లేదు, కంపెనీ చెప్పిన ఆయిల్ చాలు. ఆ ‘ఠక్’ శబ్దాన్ని అణచాలని సీసా పోయడం మంచిపని చేస్తున్న యంత్రాన్ని పాడుచేయడమే.

మందు కంటే ముందు రోగం తేల్చాలి

చప్పుడు తిన్నని రోడ్డు మీద కూడా వస్తుంటే అది ఎల్‌ఎస్‌డీ ప్లేట్లది కాదు. వేగంతో పాటు పెరిగే ఊళ హబ్ బేరింగ్‌ది గానీ క్రౌన్ పినియన్‌ది గానీ అయి ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు ‘టక్’మంటే ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు బలం తెచ్చే షాఫ్టు) క్రాసులు చూడాలి. బండిని 15, 20 కి.మీ. నడిపి ఆయిల్ వేడెక్కాక ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో కుడికి కొన్ని చుట్లు, ఎడమకు కొన్ని చుట్లు తిప్పాలి. రెండు వైపులా ఒకేలా వెనక నుంచి అదురు వస్తే అప్పుడు ప్లేట్లను అనుమానించాలి.

టైర్లనూ చూడాలి. వెనక ఒకవైపు అరిగిన టైరు, ఇంకోవైపు కొత్తది వేయడం మన దగ్గర సాధారణం. కొత్త టైరు వ్యాసం 73 సెం.మీ., అరిగినది 72 అనుకుందాం. కిలోమీటరుకు కొత్తది సుమారు 436 చుట్లు, అరిగినది 442 చుట్లు తిరుగుతాయి. తేడా ఆరు చుట్లే అనిపిస్తుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ దాకా 145 కి.మీ. తిన్నగా పోయినా దాదాపు 870 చుట్ల తేడాను ఆ ప్లేట్లు జారుతూ సర్దుకోవాలి. మలుపులో కాసేపు జారడానికి చేసిన ప్లేట్లు దారి పొడవునా జారితే ఆయిల్ మాడి, మాడిఫయర్ ముందే ఖర్చయిపోతుంది. అలాంటి బండికి ఎన్ని సీసాలు పోసినా నెల తిరగకుండా చప్పుడు మళ్లీ వస్తుంది. ఎల్‌ఎస్‌డీ ఉన్న యాక్సిల్‌కు టైర్లు జతగా మార్చడం ఖర్చు కాదు, పొదుపు.

ములుగు, ఏటూరునాగారం, తాడ్వాయి దారుల్లో నడిచే బండ్లకు మూడో కారణం నీళ్లు. చాలా దూరం నడిచిన యాక్సిల్ లోపలి గాలి 80 డిగ్రీల దాకా వేడెక్కి ఉందనుకుంటే, వాగులో దిగి 30 డిగ్రీలకు చల్లబడినప్పుడు అది ఏడో వంతు కుంచించుకుపోతుంది. హౌసింగ్‌లో మూడున్నర లీటర్ల గాలి ఉంటే అర లీటరు గాలి బయటి నుంచి రావాలి. అది బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి వచ్చిపోయే చిన్న దారి) గుండా రావాలి. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆ ఖాళీ యాక్సిల్ సీలు సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మి.మీ. వాన పడినప్పటిలా బండి గంటల తరబడి నీటిలో నిలిచిపోతే లెక్కే వేరు. వేళ్లతో ఆయిల్ తీసి చూస్తే టీలో పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీరు చేరినట్టే. దాన్ని మాడిఫయర్‌తో బాగు చేయాలనుకోవడం వృథా. మొత్తం తీసి, కొత్త ఆయిల్ పోసి, కొద్ది రోజులకు మళ్లీ మార్చాలి. బ్రీదర్‌ను ఊది చూడటానికి నిమిషం చాలు, వానాకాలం ముందు ఆ నిమిషం కేటాయించాలి.

ఆయిల్ మార్చే వరస

మొదట పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పాలి. అది తుప్పు పట్టి రాకపోతే పని అక్కడే ఆపాలి. కింది డ్రెయిన్ ముందే విప్పి ఆయిలంతా పోగొట్టి, ఆ తర్వాత ఫిల్లర్ రాక బండి కదలలేని పరిస్థితి తెచ్చుకునేవారు తక్కువమందేం కాదు. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే తీస్తే మురికి కూడా కొట్టుకొస్తుంది. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి కాటుక లాంటి నల్లటి మెత్తని ముద్ద అంటుకుని ఉంటుంది. అది మామూలు అరుగుదల. గోరుతో రాస్తే గరుకుగా తగిలే తునకలు, పంటి ముక్కలు కనిపిస్తే హౌసింగ్ విప్పాల్సిందే.

తర్వాత కొత్త ఆయిల్ కంటే ముందు మాడిఫయర్ పోయాలి. ఆయిల్ నిండాక పోయబోతే పట్టే చోటుండదు, పైనుంచి కారిపోతుంది. కొలతకు పశువులకు మందు తాగించే 60 మి.లీ. సిరంజి బాగా పనికొస్తుంది. ఆపైన ఆయిల్‌ను ఫిల్లర్ రంధ్రం అంచుదాకా నింపి బోల్టు బిగించాలి. బండి చదునైన నేల మీద ఉండాలి, వాలులో కొలిస్తే లెవెల్ తప్పుతుంది.

ఇక బండిని ఖాళీ స్థలంలో 8 అంకె ఆకారంలో నెమ్మదిగా పది చుట్లదాకా తిప్పాలి. ప్లేట్ల మధ్య పాత ఆయిల్ బయటికి వచ్చి కొత్తది లోపలికి చేరేది ఇలాగే. మొదటి చుట్లలో చప్పుడు వినిపించినా కంగారు పడనక్కర్లేదు. 100, 150 కి.మీ. నడిచాకా అదురు ఉంటే 30 మి.లీ. ఆయిల్ పీల్చి, అంతే మాడిఫయర్ పోసి మళ్లీ చూడాలి. మాన్యువల్ చెప్పిన గరిష్ఠ మోతాదు చేరాకా తగ్గకపోతే ప్లేట్లు కాలిపోయినట్టే. విప్పితే ఉక్కు ప్లేట్ల మీద నీలం మచ్చలు కనిపిస్తాయి, అవి వేడికి వచ్చినవి. కొత్త ప్లేట్లను బిగించే ముందు అదే ఆయిల్లో నానబెట్టడం మరవకూడదు.

ఎల్‌ఎస్‌డీ పట్టు చూడటానికి ఒక చక్రాన్ని పైకి లేపి ఇంజను ఆఫ్ చేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి హబ్‌ను టార్క్ రెంచితో తిప్పుతారు. ఫోర్డ్ ట్రాక్షన్-లోక్ యాక్సిల్‌కు కనీసం 27 న్యూటన్ మీటర్లు రావాలని లెక్క. ఎల్‌ఎస్‌డీ బండిని ఒకే చక్రం లేపి ఇంజను ఆన్ చేసి గేరు వేయడం ప్రాణాంతకం. నేల మీదున్న చక్రానికి బలం అంది బండి జాకీ మీంచి దుముకుతుంది.

ట్రాక్టర్‌లో అదే చప్పుడు, వేరే కథ

ఉత్తర తెలంగాణలో ఈ రసాయనం గురించి ఎక్కువమందికి నిజంగా తెలియాల్సింది కార్ల కోసం కాదు. ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్లలో బ్రేకు ప్లేట్లు వెనక హౌసింగ్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. చాలా మోడళ్లలో గేర్లు, డిఫరెన్షియల్, లిఫ్టు, బ్రేకులు అన్నిటికీ అదే ఆయిల్. అందుకే దాన్ని ప్రత్యేకంగా తయారు చేస్తారు. గేర్లను కాపాడాలి, లిఫ్టు పంపుకు పలుచగా ఉండాలి, బ్రేకు ప్లేట్లు అరవకుండా కావాల్సినంత మాడిఫయర్ ఉండాలి, పట్టు పోయేంత ఉండకూడదు. డబ్బా మీద యూటీటీఓ (ఇలా అన్నిటికీ పనికొచ్చే ట్రాక్టర్ ఆయిల్) అనీ, వెట్ బ్రేక్ ఆయిల్ అనీ, జేడీఎం జే20సీ లాంటి గుర్తులతోనూ ఇది దొరుకుతుంది.

పాత డ్రై బ్రేకు బండి అలవాటుతో ఇందులో 90 నంబర్ ఆయిల్ పోస్తే ప్లేట్లకు కావాల్సిన మాడిఫయర్ అందదు. బ్రేకు నొక్కగానే పెద్దగా కీచుమంటుంది, పెడల్ కింద అదురుతుంది. వరి పొలం దున్ని కేజ్‌వీల్స్ విప్పి రోడ్డెక్కాక ఆ అరుపు ఊరంతా వినిపిస్తుంది. అప్పుడు ఎవరో చెప్పారని ఎల్‌ఎస్‌డీ సీసా తెచ్చి పోస్తే అరుపు ఆగుతుంది, పట్టు కూడా ఆగిపోవచ్చు. వడ్ల బస్తాలు నిండిన ట్రాలీ వెనక నుంచి నెడుతుండగా వంతెన దిగుడులో బ్రేకు జారితే జరిగే నష్టం ఆయిల్ ఖర్చుతో పోల్చేది కాదు.

తప్పు ఆయిల్ ఇప్పటికే పడి ఉంటే దాన్ని పూర్తిగా తీసేయాలి. మోడల్‌ను బట్టి 40 నుంచి 60 లీటర్ల దాకా ఉంటుంది, అందుకే కొందరు సగం తీసి సగం కలుపుతారు. కలిపితే ఏ మోతాదు ఎంత ఉందో ఎవరికీ తెలియని మిశ్రమం మిగులుతుంది. ఫిల్టరు, స్ట్రెయినర్ కడిగి, కంపెనీ చెప్పిన గ్రేడు నింపి, ఖాళీ పొలంలో ట్రాలీ లేకుండా రెండు బ్రేకులనూ విడివిడిగా, తర్వాత కలిపి ఇరవై సార్లు నొక్కి చూడాలి. ప్లేట్లు పీల్చుకున్న పాత ఆయిల్ బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ తర్వాత కూడా ఒకవైపు లాగుతున్నా, పెడల్ లోతుగా పోతున్నా ట్రాలీ తగిలించకుండా బ్రేకు హౌసింగ్ విప్పించాలి.